రెండు నిషాదాల నడుమ

ఈ వేసవి సెలవులకి ముందు ఇంగ్లండులో మేముండే రీడింగ్‌లో మా మనవరాలి బడివాళ్ళు పిల్లల సంగీత కార్యక్రమం ఒకటి పెట్టారు. తాతలకీ అమ్మమ్మలకీ ముందు వరసలో కుర్చీలు వేసి, టీ బిస్కట్లు ఇచ్చి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఇటువంటివాటికి వెళ్ళడం నాకు పెద్ద సరదా కాదు, అపశ్రుతి చెవిన పడితే ఆ రోజంతా తలనొప్పే. కానీ మనవరాలు టిన్ విజిల్, అంటే ఆరు బెజ్జాల రేకు పిల్లనగ్రోవి, వాయిస్తుందని మా అమ్మాయి పదేపదే చెబితే వెళ్ళక తప్పలేదు. టీచరమ్మ నిలబడి, ఇప్పుడు పిల్లలు ఐర్లాండ్ దేశపు పాత నాట్యపు వరస ఒకటి వాయిస్తారు, ఇది ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, తరతరాలుగా వస్తోంది అని చెప్పింది. పిల్లలు విజిళ్ళు నోట పెట్టుకున్నారు. మొదటి భాగం పూర్తికాకుండానే నాకు ఒళ్ళు మండిపోయింది. అది మా ఆవిడ పాట. దాన్ని కట్టిన మనిషి ఐదేళ్ళ కిందటి దాకా మా వంటింట్లో చపాతీలు ఒత్తుతూ ఉండేది. తరతరాలుగా వస్తోందట!

మా అమ్మాయికి పెళ్ళై రీడింగ్ వెళ్ళిపోయాక, 2008లో, నేనూ మా ఆవిడా న్యూకాసిల్ నుంచి గ్లాస్గోకి మారాం. ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టర్ని నేను. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం పెద్దది, ఫ్లాట్ చిన్నది, వాన మాత్రం అన్ని ఊళ్ళ వానా తెచ్చి అక్కడే పోసినట్టుండేది. చిన్నప్పుడు కాకినాడలో మా పెదనాన్న దగ్గర ఫిడేలు నేర్చుకున్నాను. మెడిసిన్ సీటు వచ్చాక దాన్ని పెట్టెలో పెట్టినవాణ్ణి మళ్ళీ తీసింది ఎప్పుడో పండక్కి, ఎవరైనా బలవంతపెడితేనూ. మా ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. నేర్చుకోలేదని ఆవిడే అందరికీ ముందుగా చెప్పేది. కానీ పనిచేస్తున్నంతసేపూ నోట మాటల్లేని కూనిరాగం ఒకటి ఉండేది, ఎక్కడా విన్నది కాదు, ఎవరూ నేర్పింది కాదు, పెళ్ళైన కొత్తలో మొదలై ఏళ్ళ తరబడి ఒత్తుకుంటూ సవరించుకుంటూ ఒక వరసకి వచ్చింది. ఏమిటది అని అడిగితే చాలు, ఠక్కున ఆపేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి డ్యూటీల రోటా ప్రకారం నాకు సెలవు, పాలకోసమని బయటకి వెళ్ళి వానలో చిక్కుకుని, మా వీధి చివరి పబ్బులో నిలబడ్డాను. లోపలి గదిలో ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుని ఫిడేళ్ళూ, ఫ్లూటూ, అకార్డియనూ వాయిస్తున్నారు. ఎవరూ ఎవరికీ కచేరీ చేయడం లేదు, వాళ్ళకోసం వాళ్ళే వాయించుకుంటున్నారు. ఒకటే వరస ముమ్మారు తిప్పి ఇంకోదాంట్లోకి దూకుతున్నారు. ఆ రెండోది వినేసరికి నా చెయ్యి దానంతటదే తొడమీద తాళం వేసింది, ఎందుకంటే అది అచ్చం ఖరహరప్రియ రాగం. గ్లాస్గో పబ్బులో ఖరహరప్రియ ఏమిటని తడిసిన కోటుతో అలాగే నిలబడిపోయాను. పాల మాట మరిచిపోయి ఇంటికి వెళ్తే, మొగుడు ఆదివారం పూట బ్రాందీ షాపుకి తయారయ్యాడని మా ఆవిడ ఫోన్లో వాళ్ళ అక్కకి చెప్పి నవ్వింది. నేను తాగింది నారింజ రసమని ఎంత చెప్పినా ఊళ్ళో తెలుగువాళ్ళు మాత్రం చాలాకాలం నమ్మలేదు.

అలా మొదలై ఆదివారం ఆదివారం వెళ్ళడం అలవాటైంది. ఆ గుంపుకి పెద్ద దిక్కు ఒక ముసలాయన. ఐర్లాండ్ ఉత్తరపు కొసనుంచి పడుచుతనంలో వచ్చి, గ్లాస్గోలో బస్సు నడిపి రిటైరైన మనిషి, నల్లటి కర్ర ఫ్లూటు వాయించేవాడు. నేలమీద బాసింపట్టు వేసి, ఫిడేలు కొసని చీలమండకి ఆనించి వాయించే అలవాటు నాది. కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోవడానికి యాభై దాటాక మళ్ళీ ఓనమాలు దిద్దాను. మన పద్ధతిలో స-ప-స-ప అని తీగలు శ్రుతిచేసుకునేవాణ్ణి, వాళ్ళ పద్ధతికి మార్చుకున్నాను. మెడ పట్టేసేది. అయినా ఆ రోజుల్లో నాకున్న సంతోషం ఉద్యోగంలో ఎన్నడూ లేదని ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

మనకి పాడేవాడి గొంతునిబట్టి శ్రుతి. వాళ్ళకి ఫ్లూటు బెజ్జాలనిబట్టి శ్రుతి, అందుకని దాదాపు అన్నీ డి అనో జి అనో వాళ్ళు పిలిచే రెండు మూడు శ్రుతుల చుట్టూనే తిరుగుతాయి. మన డెబ్బై రెండు మేళకర్త రాగాల్లో వాళ్ళకి నాలుగు సరిపోతాయి: శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ, ఎప్పుడైనా నఠభైరవి. పేర్లు మాత్రం తెలియవు. అవే ఏడు స్వరాలు పట్టుకుని ఒక పాట ఒక స్వరం మీద విశ్రమిస్తుంది, ఇంకో పాట పక్క స్వరం మీద. మనం గ్రహభేదమని పెద్ద మాట వాడతాం, ఆ ముసలాయన ఈ పాట ఫలానా చోట ఇంటికెళ్తుంది అని ఊరుకునేవాడు. ఇక నిషాదం, అంటే ఏడో స్వరం ని, సంగతి. వాళ్ళ పాటల్లో చిన్న ని ఉంటుంది, పెద్ద ని ఉంటుంది, మన కైశికి, కాకలి అన్నమాట. ముసలాయన ఫ్లూటులో మాత్రం ఈ రెంటికీ నడుమ, చిన్న దానికి కాస్త పైన, పెద్ద దాన్ని అంటకుండా ఒకటి పలికేది. మొదట్లో అపశ్రుతి అనుకున్నాను. కాదు, ప్రతిసారీ తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టేవాడు.

ఒకసారి ఆయన నన్ను మీ ఊరి వరస ఒకటి తెమ్మన్నాడు. ప్రతివాళ్ళూ ఏదో ఒకటి తేవడం అక్కడ ఆచారం. నేను గొప్పకి పోయి ఒక వర్ణం వాయిస్తే మర్యాదగా విని, మర్యాదగా దగ్గి, గ్లాసులు నింపుకోవడానికి లేచారు. ఆ పై వారం నాకు మా ఆవిడ కూనిరాగం తట్టింది. అది మూడేసి అక్షరాల తిశ్ర నడకలోనే ఉంది, చపాతీ కర్ర నడక. వాళ్ళు జిగ్ అనే నాట్యానికీ అదే నడక. హరికాంభోజిలా ఉంటుంది, చివర్లో ఒకచోట ని మీద కాస్త ఆగి కిందికి దిగుతుంది, పాటంతటికీ ప్రాణం అక్కడే. రెండు భాగాలు చేసి, ఒక్కొక్కటి రెండేసిసార్లు వచ్చేలా అమర్చి వాయించాను. మూడో తిరుగుడికి ముసలాయన ఫ్లూటు కలిసింది, తర్వాత అందరూ కలిశారు. పేరేమిటని అడిగితే మా ఆవిడదని చెప్పాను. డాక్టరుగారి భార్య అని పేరు పెట్టేశారు.

ఈ సంగతి చెబితే మా ఆవిడ వారంరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, వంటింట్లో పాటని తీసుకెళ్ళి పబ్బులో పరిచానని కోపం. తర్వాత ఒక ఆదివారం తనే చీర మీద మందపాటి కోటు తొడుక్కుని బయల్దేరింది. తలుపు పక్కన కూర్చుని, కోటు గుండీలైనా విప్పకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. ముసలాయన లేచి వచ్చి తల వంచి నమస్కారం లాంటిది పెట్టాడు. మీ పాట బాగా బతుకుతుంది, కట్టిందెవరో జనం మరిచిపోయిన రోజున అది నిజంగా మా పాటైనట్టు అని ఆయన అన్నది నేను తెలుగులో చెప్పాను. అదొక పెద్ద సన్మానమనుకుని నేనే ఉప్పొంగిపోయాను. ఇంటికి నడిచివస్తుంటే గొడుగు కింద మా ఆవిడ అన్న మాట ఒకటే:

"మీ ఫిడేల్లో ని కిందకి జారిపోతోందండీ. ఆ పెద్దాయన పిల్లనగ్రోవిలో ఉంది చూశారా, నేను పాడేది అదీ."

సంగీతం రాని మనిషి! కర్ణాటక సంగీతం నేర్చుకున్న నాకు స్వరస్థానం చెబుతోందని నవ్వి, కావాలంటే ఇంకోసారి పాడు, సరిచేసుకుంటాను అన్నాను. పాడమంటే పాడే మనిషైతే కదా. ఫోన్లో రికార్డు చేద్దామని చూస్తే, ఫోను చేతిలోకి తీసుకోగానే నోరు కట్టేసుకునేది. పేరూ ఊరూ అక్కర్లేదు ఆవిడకి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, నేను కూడా పట్టుదలగా అడగలేదు.

తర్వాత జరిగినవి చెప్పడం నాకు ఇష్టం లేదు, నా ఈడు వాళ్ళకి చెప్పకపోయినా తెలుస్తుంది. ఐదేళ్ళ కిందట మా ఆవిడకి జబ్బు చేసింది, రోజూ ఎందరికో నొప్పి తెలియకుండా చేసే నేను ఆవిడకి ఏమీ చెయ్యలేకపోయాను, ఆ చలికాలం దాటకుండానే పోయింది. ముసలాయన శ్మశానం దాకా వచ్చి, చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా ఫ్లూటు తీసి ఆ వరస ఒక్కసారి వాయించాడు. ఏడాది తిరక్కుండా ఆయనా పోయాడు. పబ్బు అమ్మేశారు, ఇప్పుడక్కడ కాఫీ అమ్ముతారట. రిటైరై, ఫిడేలు పెట్టె పట్టుకుని నేను రీడింగ్ వచ్చి మా అమ్మాయి ఇంట్లో పడ్డాను.

బడిలో కార్యక్రమం అయిపోయాక నేరుగా ఆ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈ వరస ఎక్కడిదని అడిగితే, గ్లాస్గోలో వేసవి శిక్షణలో నేర్చుకుందట. ఇది మా ఆవిడ కట్టింది అని చెప్పాను. ఆవిడ ఎంతో దయగా, అబ్బ ఎంత బాగుంది, మీ కుటుంబంలో కూడా ఈ పాట ఉందా అంది. పేరు సంగతి పోనీ, ని మార్చేశారు, అది పెద్ద ని కాదు అన్నాను. దానికి ఆవిడ విజిల్ తీసి చూపించింది: వేళ్ళన్నీ ఎత్తేస్తే పెద్ద ని వస్తుంది, చిన్న ని కావాలంటే మొదటి బెజ్జం వదిలి తర్వాతి రెండూ మూయాలి, చిన్నపిల్లల వేళ్ళకి అది కష్టం, అందుకని సులువు చేశాను, పాత పాటలకి ఎన్నో రూపాలుంటాయి, మీదీ ఒక రూపమే కదా అని చిరునవ్వు నవ్వింది. కసిరికొట్టినా బాగుండును, తిరిగి ఓ మాట అనేవాణ్ణి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మా ఆవిడ పాట ఊరికంతా పంచిపెట్టి, నాకు కూడా ఒక రూపం దయచేయించింది.

సాయంత్రం ఇంట్లో ఫిడేలు తీసి, మనవరాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాయించాను. ని దగ్గర ఆగి మరీ వాయించాను. అది కనుబొమలు ముడిచింది.

"తాతా, దట్ నోట్ ఈజ్ రాంగ్."

అది అమ్మమ్మ పాట, తప్పెలా అవుతుందే అన్నాను. మిస్ అలా చెప్పలేదని విజిల్ తీసి, వేళ్ళన్నీ ఎత్తి పెద్ద ని ఊది చూపించింది. పాపం దాని తప్పేముంది? వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మా అమ్మాయిని కేకేశాను. పుట్టిన్నాటినుంచి ఆ కూనిరాగం వింటూ పెరిగిన పిల్ల, న్యూకాసిల్ ఇంట్లో ఆ పాట వింటూ నిద్రపోయిన పిల్ల, అదే చెబుతుందిలే అనుకున్నాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి రెండూ వింది.

"పాప వాయించిందే కరెక్ట్ కదా నాన్నా. అమ్మ అలాగే పాడేది, నాకు బాగా గుర్తు."

అపశ్రుతికి జడిసి, పాప విజిల్ తీస్తే చాలు, నేను నడకకి వెళ్ళిపోయేవాణ్ణి. రెండు నెలలుగా ఇంట్లో పాప సాధన చేస్తున్నది మా అమ్మాయి చెవిలో నిండిపోయిందని, అమ్మ గొంతు మీద ఇది వచ్చి కూర్చుందని నాకు తెలుసు. అరవబోయి ఆగాను. ఎందుకంటే నేను వాయించింది కూడా మా ఆవిడది కాదు. కిందకి జారిపోతోందని ఆవిడే చెప్పింది. వాళ్ళిద్దరూ పడుకోవడానికి మేడమీదికి వెళ్ళాక ఫిడేలు మళ్ళీ తీసి, తీగమీద వేలు కాస్త పైకి, ఇంకాస్త పైకి జరుపుతూ, రెండు నిషాదాల నడుమ ఆ చోటు కోసం వెతికాను. ఎక్కడ పెట్టినా అదే అనిపించింది, మరుక్షణం కాదనిపించింది. అడుగుదామంటే పాడినావిడా లేదు, ఊదినాయనా లేడు.

మా రోజుల్లో పాట నేర్చుకోవడమంటే ఒక మనిషి ఎదురుగా కూర్చోవడం, ఆ మనిషి ముఖం చిట్లిస్తే తప్పని తెలుసుకోవడం. ఇప్పుడు ఏది వాయించినా ఒక రూపమే, చిట్లించే ముఖం లేదు. ఆ ముసలాయన చెప్పినట్టే మా ఆవిడ పాట బాగా బతుకుతోంది, కట్టిందెవరో మరిచిపోయారు కూడా. మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళేముందు మనవరాలు బూట్లు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి దాన్ని నాకోసమని మళ్ళీ వాయించింది, పెద్ద నితోనే, వేళ్ళన్నీ ఎత్తి, ఎంతో సంబరంగా. ఈసారి నేను తప్పని చెప్పలేదు. ఒప్పేదో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.