బుట్టలో కలుసుకున్న ఫోన్లు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ళింట బిడ్డ పుడితే మొదటి ఫోను ఇండియాలో ఉన్న అమ్మమ్మకి, రెండోది నాగమల్లేశ్వరికి వెళ్ళేది. కరోనా వచ్చిన ఏడాది విమానాలు ఆగిపోయి ఏ అమ్మమ్మా రాలేకపోయింది. దాంతో మొదటి ఫోనే ఈవిడకి రావడం మొదలైంది.

అరవై నాలుగేళ్ళ మనిషి. సుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు ఆవిడకి ముగ్గు చుక్కలతో సమానం. కూతురు మృదుల, అల్లుడు శ్రీవత్స దగ్గరికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆ ఎనిమిదేళ్ళలో ఆవిడ నేర్చిన విద్య ఏమీ లేదు, వస్తూ వస్తూ తెచ్చుకున్నదే: పసిపిల్లలకి నీళ్ళు పోయడం.

బాత్‌టబ్బులో పొట్టిపీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు రెండూ చాచి, వాటి మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టుకునేది. నూనె అంటి, సున్నిపిండి నలిచి, చెంబుతో వేడినీళ్ళు ఆగకుండా పోసేది. వెల్లకిలా తిప్పి ముక్కు కొస ఒత్తేది. ఆ తరవాత సాంబ్రాణి పొగ. పొగకి పైకప్పు మీది అలారం కుయ్యోమని మొత్తుకుంటుందని ముందే దానికి ప్లాస్టిక్ టోపీ తొడిగేది. బిడ్డ ఆ వేళ పడుకుంటే మళ్ళీ మధ్యాహ్నానికే లేచేది. తల్లి కూడా అంతే.

"మీ ఆయన ఎంత పెద్ద ఇంజనీరైతే నాకేమిటమ్మాయ్, నా కాళ్ళ మీద అందరిదీ ఒకటే ఏడుపు" అనేది.

అలా నలభై ముగ్గురు పిల్లలు ఆవిడ కాళ్ళ మీద పెరిగారు. నలభై ముగ్గురూ పరాయివాళ్ళ పిల్లలే. మృదులకి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఒకటి నిలబడలేదు, ఇంకొకటి నిలబడలేదు. ఆ ఏడాది నిలబడింది. అక్టోబరులో నొప్పులొస్తాయన్నారు. నలభై నాలుగో బిడ్డ ఆవిడ సొంత బిడ్డ. ఆ బిడ్డ మొదటి స్నానం కోసం సున్నిపిండి తానే దంచి, జల్లించి, సీసాకెత్తి, ఎవరూ ముట్టుకోకుండా తన బట్టల మధ్య దాచుకుంది.

ఆగస్టులో శ్రీవత్స ఆవిడ ఫోనులో ఒక యాప్ వేశాడు.

"ఏంటి బాబూ ఇది?"

"కరోనా ఉన్నవాళ్ళ దగ్గర మీరు పదిహేను నిమిషాలుంటే ఇది చెప్తుంది అత్తయ్యా."

"ఎవరో చెప్తుందా?"

"చెప్పదు. ఎక్కడో కూడా చెప్పదు, ప్రైవసీ. రెండు ఫోన్లు దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి, అంతే."

"బాగానే ఉంది. మనుషులు ఆమడ దూరం జరుగుతుంటే ఫోన్లు చుట్టరికాలు కలుపుకుంటున్నాయన్నమాట."

శ్రీవత్స నవ్వి ఊరుకున్నాడు. మంచివాడే. కంప్యూటరు ఏం చెబితే అది నమ్మడం ఒక్కటే లోపం.

మృదులకి నెలలు నిండే సమయానికి నాగమల్లేశ్వరి ఒక్క ఇంటికే వెళ్తోంది. దేదీప్య, అనూప్ అని, నాలుగు వీధుల అవతల. వాళ్ళకి మగపిల్లాడు. "ఇంక మానెయ్యమ్మా, నాకు భయంగా ఉంది" అని మృదుల అంటే, "ఇరవై ఒకటో రోజు దాకా పోస్తానని మాటిచ్చానే. ఇంకా మూడ్రోజులేగా. మూతికి గుడ్డ కట్టుకునే పోతున్నా కదా" అని సర్దిచెప్పింది.

అనూప్‌కి అతిశుభ్రం. వాళ్ళ గుమ్మంలో చెప్పుల స్టాండు పక్కన ఒక వెదురుబుట్ట ఉండేది, గృహప్రవేశంనాడు తాంబూలాలు పెట్టిన బుట్టే. ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు స్టాండులో, ఫోను బుట్టలో. ఫోనంత మురికి వస్తువు ఇంకోటి లేదని ఆయన ఎక్కడో చదివాడట. పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. అందరి చెప్పులూ ఒకచోట, అందరి ఫోన్లూ ఒకచోట.

ఆ మంగళవారం ఆవిడ వెళ్ళేసరికి స్టాండులో కొత్త బూట్లు కనబడ్డాయి. తెల్లవి, ఆకుపచ్చ లేసులు. బుట్టలో పెద్ద నల్ల ఫోను. తన ఫోనుని దాని పక్కన పెట్టింది.

"ఎవరమ్మాయ్ వచ్చింది?"

"ఆయన ఫ్రెండు శ్యామ్‌సుందర్ గారు ఆంటీ. కింద బేస్‌మెంట్‌లో ఇద్దరూ ఏదో ఆఫీస్ పని చూసుకుంటున్నారు."

ఆవిడ మేడ మీదికి వెళ్ళిపోయింది. నూనె, స్నానం, సాంబ్రాణి, బిడ్డని నిద్రపుచ్చడం, అన్నీ కలిపి గంటన్నర. కిందికి దిగేటప్పుడు కూడా ఆ బూట్లు అక్కడే ఉన్నాయి. ఆ బూట్ల మనిషి మొహం ఆవిడ ఆ రోజూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

శుక్రవారం మృదులకి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలోకి ఒక్కరినే రానిస్తారు కాబట్టి శ్రీవత్స వెళ్ళాడు. ఆదివారం పొద్దున కార్లో బిడ్డకి పెట్టే సీటు మర్చిపోయానని ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నాగమల్లేశ్వరి గుమ్మంలో ఎర్రనీళ్ళు కలిపి సిద్ధంగా ఉంది, దిష్టి తియ్యడానికి. అప్పుడే ఆవిడ ఫోను టింగుమంది.

మృదుల బిడ్డ ఫొటో పంపిందనుకుంది. కళ్ళజోడు కోసం వెతుక్కునే ఓపిక లేక ఫోను అల్లుడి చేతిలో పెట్టింది.

"చూడండి బాబూ, ఎవరి పోలికొచ్చిందో!"

శ్రీవత్స చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫోను మెట్టు మీద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అత్తయ్యా... మంగళవారం మీరు కోవిడ్ ఉన్న మనిషికి దగ్గరగా ఉన్నారంట."

"మంగళవారమా? మంగళవారం దేదీప్య వాళ్ళింటికి తప్ప ఎక్కడికీ పోలేదే!" అంటూనే ఆవిడకి బూట్లు గుర్తొచ్చాయి. "ఓరి భగవంతుడా! ఆయన కింద, నేను పైన బాబూ. ఫోన్లే బుట్టలో పక్కపక్కన ఉన్నాయి. కలుసుకుంది అవి, నేను కాదు!"

శ్రీవత్స కథంతా విన్నాడు. "మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది అత్తయ్యా. యాప్‌కి బుట్ట తెలీదు, గోడ తెలీదు. కానీ ఆయనే అని మనకెలా తెలుసు? పేరు చెప్పదు కదా. ఇంకెవరైనా కావచ్చు."

"పేరు చెప్పలేనిది నింద ఎందుకు మోపుతుంది? టెస్టు చేయించండి, ఇప్పుడే చేయించండి."

"చేయిస్తాను. కానీ నెగెటివ్ వచ్చినా పద్నాలుగు రోజులు దూరంగా ఉండాలి, రూలు అది. రెండ్రోజుల పాప అత్తయ్యా... నేను ఛాన్స్ తీసుకోలేను."

ఆవిడ నోటికి అల్లుడనే అడ్డు ఎప్పుడూ పెద్దగా లేదు. కానీ రెండ్రోజుల పాప అన్న మాటకి ఏమని బదులు చెబుతుంది? ఎర్రనీళ్ళ పళ్ళెం గుమ్మంలోనే పెట్టేసి, సున్నిపిండి సీసా, రెండు చీరలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది. గంటన్నర తరవాత పైన తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ తరవాత పిల్లి కూనలాంటి ఏడుపు వినిపించాయి. మనవరాలి మొహం మొదటిసారి ఆ ఫోనులోనే చూసింది.

సాయంత్రం దేదీప్యకి ఫోను చేసింది. "అమ్మాయ్, ఆ శ్యామ్‌సుందర్‌కి ఏమైనా ఉందేమో కనుక్కో. నాకు యాప్‌లో ఏదో వచ్చింది."

"మీకు వచ్చిందా ఆంటీ? మా బాబుని ముట్టుకున్నారు కదా!"

"నాకు జబ్బు రాలేదే పిల్లా, కబురు వచ్చింది. మీ ఆయన ఫోనులో ఏమీ రాలేదా? రెండు గంటలు పక్కనే కూర్చున్నాడుగా."

"ఆయన ఆ యాప్ వేసుకోలేదు ఆంటీ. హెచ్‌-వన్ వీసా మీదున్నాం, మనం ఎక్కడ తిరిగామో గవర్నమెంటు చేతుల్లో ఎందుకు పెట్టడం, రేపు వీసా స్టాంపింగ్‌లో ఏం అడుగుతారో అని. అయినా శ్యామ్ గారికి ఏమైనా ఉంటే ఫోన్ చేసి చెప్పేవారు కదా."

మర్నాటికల్లా అమ్మల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ తిరిగింది. మృదుల ఫోనులో ఏడుస్తూ చదివి వినిపించింది: "నీళ్ళు పోసే ఆంటీ మీ ఇంటికి వస్తుంటే జాగ్రత్త, కోవిడ్ ఎక్స్‌పోజర్ అంట." పేరు లేదు. ఆష్‌బర్న్‌లో నీళ్ళు పోసే ఆంటీ ఇంకొకరుంటే కదా పేరు కావలసింది!

"నా ఫోను ఎవరి పేరూ చెప్పకుండా దాచింది. నా పేరు మాత్రం ఊరంతా టముకేశారు" అంది నాగమల్లేశ్వరి. నవంబరుకి మాట్లాడుకున్న రెండిళ్ళ వాళ్ళూ "పర్లేదు ఆంటీ, మేమే మేనేజ్ చేస్తాం" అన్నారు. అన్నేళ్ళు పోసిన నీళ్ళు ఒక్క పూటలో కొట్టుకుపోయాయి.

బుధవారం టెస్టు నెగెటివ్ వచ్చింది.

"లేదని వాళ్ళే చెప్పారుగా బాబూ!"

"ఈరోజు లేదు అత్తయ్యా. రేపు రావచ్చు."

"రేపు రానిదేముంది? రేపు అందరికీ అన్నీ రావచ్చు."

మృదుల మెట్ల పైన నిలబడి, "అమ్మా, పైమంగళవారంతో అయిపోతుంది. బొడ్డు ఊడినా సరే, నువ్వొచ్చేదాకా తలమీద నీళ్ళు పొయ్యం. గుడ్డతో తుడుస్తాం. ఒట్టు" అంది. ఆ మాట పట్టుకుని ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంది. పైనుంచి మెట్ల మీద పళ్ళెం పెట్టేవాళ్ళు, వాళ్ళు వెళ్ళాక తీసుకునేది. నాలుగు మెట్లు ఎక్కి ఏడుపు వినేది. ఆకలేడుపో, కడుపునొప్పి ఏడుపో వినగానే తెలిసేది. "వాము నీళ్ళు తాగవే మృదులా! నీ పాలల్లోంచి దానికి పడుతుంది!" అని అరిచేది. ఒక్కోసారి వినబడేది, ఒక్కోసారి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అనూప్ వచ్చాడు. తమ పిల్లాడికి అక్కర్లేని బట్టలు, ఒక బేబీ టబ్బు ఇచ్చిపోదామని. బేస్‌మెంట్‌కి పైన సన్నపాటి కిటికీ ఉంది, అందులోంచి వచ్చేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. కాళ్ళు లోపలికి వెళ్ళాయి. కాఫీ గిన్నె చప్పుడైంది. ఇద్దరూ నవ్వుతున్నారు.

నాగమల్లేశ్వరి ఫోను చేసింది. శ్రీవత్స ఎత్తలేదు. మెట్లెక్కి తలుపు కొట్టింది. "బాబూ! ఆయన ఆ బూట్ల మనిషి పక్కన రెండు గంటలు కూర్చున్నాడు! బయటికి పంపించండి!"

తలుపు అవతలి నుంచి శ్రీవత్స మొహమాటంగా చిన్న గొంతుతో అన్నాడు. "అత్తయ్యా, వినపడుతుంది. వాళ్ళకి ఏమీ రాలేదు. నా ఫోన్‌లో కూడా నో ఎక్స్‌పోజర్ అనే ఉంది."

"ఆయన దగ్గర ఆ యాపే లేకపోతే మీ ఫోనుకి ఎవరు చెప్తారు?"

శ్రీవత్స అడుగులు వంటింటి వైపు వెళ్ళిపోయాయి. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ మధ్యలో లేచి పొమ్మనడం ఏ కంప్యూటరూ అతనికి నేర్పలేదు. కాళ్ళు తిరిగి బయటికి వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు పైనే అయింది.

ఆదివారం బొడ్డు ఊడింది. సోమవారం సాయంత్రం ఆవిడ సున్నిపిండి సీసా మూత తీసి వాసన చూసుకుంది. పొద్దున ఎన్నింటికి నీళ్ళు కాచాలో మృదులకి చెబుదామని ఫోను తీసింది. అంతలో మెట్ల మీద శ్రీవత్స కనిపించాడు. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అత్తయ్యా, అనూప్ ఫోన్ చేశాడు. వాడికి పాజిటివ్. శనివారం నుంచి జ్వరమంట."

ఆవిడ ఫోను పక్కన పెట్టి సీసా మూత బిగించింది.

"శ్యామ్‌సుందర్‌కి ఎప్పుడో పాజిటివ్ వచ్చిందట. హెల్త్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ యాప్‌లో కొట్టాడట. పేరు బయటపడకుండా అందరికీ అదే చెప్పేస్తుంది కదా, మళ్ళీ ఫోన్లు ఎందుకని ఎవరికీ చెప్పలేదంట."

"చెప్పిందిగా" అంది నాగమల్లేశ్వరి. "ఆయన మొహమే చూడని నాకు చెప్పింది."

"ఇప్పుడు నాకు, మృదులకి, పాపకి... మేము ముగ్గురం ఎక్స్‌పోజ్ అయినట్టు. మీకు సుగర్ ఉంది, వయసుంది. మీరు పైకి రాకూడదు అత్తయ్యా. ఇంకో రెండు వారాలు." అతను ఒక మెట్టు దిగబోయి ఆగిపోయాడు. "ఆ రోజు మీ మాట వినుండాల్సింది."

తిడదామని నోరు తెరిచింది. కానీ అతను బిడ్డ తండ్రి. తిట్టి ఏం చేస్తుంది?

"ఇంకో రెండు వారాలు దాన్ని గుడ్డతో తుడుస్తారా?" అంది చివరికి. "పోసెయ్యండి. రేపే పోసెయ్యండి. నేను చూపిస్తా." సున్నిపిండి సీసా నాలుగో మెట్టు మీద పెట్టి కిందికి దిగింది.

మంగళవారం పొద్దున వీడియో కాల్‌లో మృదుల మేడమీది టబ్బులో పీట మీద కూర్చుంది. నాగమల్లేశ్వరి బేస్‌మెంట్ నేల మీద కాళ్ళు చాపి, తువ్వాలు మడిచి వాటి మీద పడుకోబెట్టింది.

"మోకాళ్ళు దగ్గరికి చెయ్యవే. ఇలా. తల పాదాల వైపు. మెడ పట్టుకో, మెడ!"

"జారిపోతుందమ్మా, నా వల్ల కాదు..."

"జారదు. నువ్వూ ఇలాగే పడుకున్నావు, జారావా? బాబూ, మీరు నీళ్ళు పొయ్యండి, నడుము మీద నుంచి, సన్నగా."

శ్రీవత్స ఫోనుని గట్టు మీద ఆనించాడు. అది వెనక్కి వాలి పైకప్పు చూపించడం మొదలుపెట్టింది. కప్పు మీద అలారానికి టోపీ తొడగలేదు. మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించి, ఆగిపోయి, తెర నల్లబడింది. ఆవిడ మళ్ళీ చేసింది. ఎత్తేవాళ్ళెవరు, ఇద్దరి చేతులూ తడి.

తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఇంతలో వాషింగ్ మెషిను పక్కన, కప్పులోంచి నేలలోకి దిగే తెల్లటి గొట్టంలో గలగలమని చప్పుడైంది. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. గొట్టం చుట్టూ అరచెయ్యి వేసింది. మనవరాలి ఒంటి మీద నుంచి జారిన నీళ్ళు ఆవిడ చేతి కిందుగా దిగిపోతున్నాయి.

గోరువెచ్చగా ఉందంతే.

"ఇంకాస్త వేడి కలపండి!" అని కప్పు వైపు చూసి అరిచింది. "చల్లారిపోయినయ్ నీళ్ళు! బిడ్డ వణుకుతుందే!"

పైన ఎవరికీ వినబడలేదు. గొట్టంలో నీళ్ళు ఆగేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.