స్టూడియో తెరమీది రైలు

సిరిసిల్లకు రైలు లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు వేయిస్తానని చెప్పి పోయేవాడు. అందుకేనేమో నా ఫోటో స్టూడియోలో రైలు తెరకు అంత గిరాకీ. సాంచాల మీద బట్ట నేసే కుటుంబాలు ఆ పొగబండి బొమ్మ ముందు సూట్‌కేసు పట్టుకుని, ఎక్కడికో ప్రయాణమైనట్టు నిలబడి ఫోటో దిగేవి. ఆ తెర వేసింది కోరుట్లలో దుకాణాల బోర్డులు రాసే చాచా. ఆయన అసలు పొగబండిని ఎన్నడూ చూడలేదు. పాత క్యాలెండరులో ఆగి ఉన్న ఇంజను బొమ్మ చూసి, మిగతాది ఊహించి వేశాడు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో చాచాకు షుగరు కళ్ల మీదికి వచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

"బేటా, కండ్లు పూర్తిగ పోకముందే అసలు పొగబండిని ఒక్కసారి సూపియ్యి."

దక్షిణాన కొండల్లో పాత ఆవిరి ఇంజన్లను పర్యాటకుల కోసం ఇంకా నడిపే చోటు ఉందని తెలిసి ఇద్దరికీ టికెట్లు తీశాను. సరిగ్గా బయలుదేరాల్సిన రోజే రైల్‌రోకో పిలుపు వచ్చింది. తెలంగాణ వచ్చినంక పోదామని చాచాకు పెద్ద మాట చెప్పి, కెమెరా మెడలో వేసుకుని జగిత్యాల పోయి పట్టాల మీద కూర్చున్నాను. అక్కడికి వచ్చేదే అరకొర ప్యాసింజరు. దాన్ని కూడా ఆపి, ఏదో గెలిచినట్టు ఫోటోలు దిగాం. ఆ తర్వాత ధర్నాలు, వంటావార్పులు, సభలు. చాచా రెండుసార్లు కబురు పంపాడు. రెండుసార్లూ వచ్చే నెల అన్నాను. చివరికి ఆయనకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియకుండా పోయింది.

అప్పుడు పోయాను ఆ కొండలకు, ఒక్కడినే, సిగ్గు లేకుండా. ఆ రోజు కెమెరాల వాళ్ల కోసం ప్రత్యేకంగా బండి నడిపారు. ఫోటో బాగా రాలేదని ఎవరో అంటే బండిని వెనక్కి తీసుకుపోయి, బొగ్గు ఇంకాస్త వేసి, మళ్లీ తెచ్చారు. అట్లా మూడుసార్లు. నా ఒళ్లు మండిపోయింది. మా ఊరికి ఒక్కసారైనా రాని రైలు వీళ్ల సరదాకు ముందుకూ వెనక్కూ తిరుగుతోంది. మీ ఊరు రావాలంటే ఏ స్టేషన్లో దిగాలని పక్కాయన అడిగితే, దిగడానికి ముందు రైలంటూ రావాలి కదా అని కసిరాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

మూడోసారి కెమెరాలో కన్ను పెట్టినప్పుడు చూశాను. ఇంజను ముందుకు వస్తుంటే పొగ వెనక్కి, డబ్బాల మీదుగా పోతోంది. మా తెరమీద పొగ ఇంజను కంటే ముందు పరుగెడుతుంది. ఇరవై ఏళ్లుగా ఊరంతా దాని ముందు నిలబడింది. ఒక్కరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. నడిచే పొగబండిని మాలో ఎవరు చూశారు గనక? నాయకుల మీద కోపం, ఆ కెమెరాల గుంపు మీద కోపం. అన్నిటికంటే, చూడగలిగిన ఒక్క మనిషిని చూడనీయకుండా చేసిన నా మీద కోపం.

తిరిగొచ్చి నేరుగా కోరుట్లకు పోయాను. తిట్టినన్ని తిట్లు పడదామనే పోయాను. పెద్దగా ప్రింటు తీయించిన ఫోటోను చాచా చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని ముఖానికి ఆనించుకుని చూశాడు. ఏమీ కనపడక ఒళ్లో పెట్టుకున్నాడు. తాను వేసినదాంట్లో తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాడు. పొగ సంగతి దాచేశాను. అచ్చం నువ్వు వేసినట్టే ఉంది చాచా అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. చేత్తో తడుముతూ నా భుజం వెతికి, తట్టాడు.

"గట్లయితే నేను సూడకున్నా నష్టం లేదు తీయ్ బేటా."