నాయిన ఉత్తరం చదవాలంటే ఇద్దరు కావాలి

ఎల్బీ నగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కింద ఒకతను ఇంకా బొగ్గుల పెట్టెతోనే ఇస్త్రీ చేస్తాడు. నీళ్లు చల్లిన నూలు చీర మీద పెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసనకు నేను లిఫ్టు ఎక్కకుండా ఆగిపోతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి పక్కన, దర్జీ చాంద్ భాయ్ దుకాణంలో ఇదే వాసన ఉండేది. మా నాయిన బతికున్నాడో లేడో మాకు ఆ దుకాణంలోనే తెలిసేది.

నాయిన పోచంపల్లి దిక్కు నేతగాడు. మగ్గం మీద కడుపులు నిండక ఫౌజులో చేరాడు. బడి మొహం చూడని ఆయనకు అక్కడే అక్షరాలు నేర్పారు, అయితే నేర్పింది ఇంగ్లీషు అక్షరాలతో హిందీ రాయడం. ఆ ఉత్తరం చదవడానికి మా గల్లీలో ఒక్క మనిషి సరిపోయేవాడు కాదు. బందరు నుంచి వచ్చిన మాస్టారికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, హిందీ 'ఠీక్ హై' దాటి రాదు. చాంద్ భాయ్‌కి ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. ఆయన కూడబలుక్కుని పలికితే ఈయన మిషను తొక్కడం ఆపి అర్థం చెప్పేవాడు. అమ్మ గడప మీద కూర్చుని కండెలకు నూలు చుడుతూ వినేది, నేను ఒళ్లో రేగుపండ్లు పోసుకుని, గింజలు ఎటు ఉమ్మాలో తెలియక నోట్లోనే దాచుకుని వినేదాన్ని.

యుద్ధం మొదలయ్యాక మూడు నెలలు ఉత్తరం లేదు. చలికాలంలో, రంజాన్ పండక్కి చాంద్ భాయ్ అత్తగారింటికి పోయినప్పుడు వచ్చింది. అమ్మ ఆగలేక మాస్టారి దగ్గరికే పోయింది. ఆయన "మేరా పెయిర్ అబ్ ఠీక్ హై" అని చదివి, తెలిసిన ఇంగ్లీషు మాట దొరికిన సంబరంలో అర్థం కూడా తానే చెప్పాడు.

"పెయిర్ అంటే జతమ్మా. ఆయన జత ఇప్పుడు బాగానే ఉందంటున్నారు."

"జత ఏంది సారూ? నేను ఈడనే ఉన్న గదా."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అమ్మ మూడు రోజులు కండె ముట్టలేదు. నాలుగో రోజు ట్రంకు పెట్టె సర్ది, పుట్టింటికి పోతానని, ఆయన సెలవు మీద వస్తే తాళం కప్పనే చూసుకుంటాడని బయల్దేరింది. అప్పుడే ఊరినుంచి వచ్చిన చాంద్ భాయ్, నేతిలో వేగిన సేమియా, ఖర్జూరం ఘుమఘుమలాడే షీర్ ఖుర్మా గిన్నెతో ఎదురొచ్చాడు. సంగతి విని మాస్టారిని పిలుచుకొచ్చి మళ్లీ చదివించాడు.

"పెయిర్ కాద్సార్, పైర్. మనం పాఁవ్ అంటం, ఫౌజోళ్లు పైర్ అంటరు. కాలు. మీరేమో అక్కకు సవతిని తెచ్చి పెట్టిండ్రు."

అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఇప్పుడు మంచిగున్నదంటే, మరి కాలుకు ఏమైంది భాయ్?"

పెట్టె మాత్రం మంచం కిందికి పోయింది.

ఎండలు ముదరకముందే నాయిన కుంటుకుంటూ వచ్చాడు. జత కథ విని తింటున్న గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ కాలితోనే మరికొన్నేళ్లు ఫౌజులో స్టోరు పని చేసి, తర్వాత మీర్‌పేట్‌లో రెండు గదులు వేసి, మా పెళ్లిళ్లు చేశాడు. యుద్ధం గురించి అడిగితే "దోమలు మస్తుండె" అని ఊరుకునేవాడు. ఆడపిల్లనని నన్ను బడికి పంపలేదు, అది తప్పే. యాభై దాటాక తెలుగు చదవడం, రాయడం నేనే నేర్చుకున్నాను.

ఇప్పుడు దర్జీ దుకాణం లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఒకరింటి ఉత్తరానికి ఇద్దరు పని ఆపి కూర్చునే కాలం కూడా పోయింది. మొన్న మాత్రం, నాయిన మళ్లీ డ్యూటీకి పోయి రాసిన మొదటి ఉత్తరం దొరికితే, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఉర్దూ రాని ఆ పిల్ల అక్షరాలు పలికింది, ఇంగ్లీషు రాని నేను, చాంద్ భాయ్ దుకాణంలో విని నేర్చిన ఉర్దూతో అర్థం చెప్పాను. మూడో వరుసలో తను ఆగిపోయింది.

"అమ్మమ్మా, 'మేరా' అని రాసి, మాట రాయలే. ఐదు వేళ్లతోని కాలు బొమ్మ గీసిండు. ఎన్కనే 'ఠీక్ హై' అని ఉంది."