సందకాడ రమ్మన్న ఓబులమ్మ

2024 మే నెల. ఆళ్లగడ్డకు దగ్గర్లో, నల్లమల కొండవార ఊళ్ళో పశువుల డాక్టరుగా చేస్తున్నాను. ఇల్లు నంద్యాలలో. సాయంత్రం ఐదు గంటల బస్సు తప్పితే ఎనిమిది దాకా ఇంకోటి లేదు. నాలుగున్నర దాటిందంటే చేతులు పశువు మీద, కళ్ళు గడియారం మీద. నా తప్పు అక్కడే మొదలైంది.

ముందటేడు వానలు మొహం చాటేశాయి. కొండవార పరికి, బలుసు పొదలు ముందుగా ఎండిపోయాయి. వేరు లోతుకు పోయే తుమ్మ, జమ్మి ఇంకొన్నాళ్ళు పచ్చగా నిలిచాయి గానీ, మేకలు వెనక కాళ్ళ మీద లేచి అందినంత ఎత్తు ఆకంతా ఊడ్చేశాయి. ఆ ఎత్తున చెట్టుకు గీత గీసినట్టు ఉంటుంది. దాన్ని మేం బ్రౌజ్ లైన్ అంటాం. గీతకు పైనున్న కొమ్మల్ని కాపర్లు దోటితో కోసి వేశారు. చివరికి చెట్లూ మోళ్ళయ్యాయి.

ఓబులమ్మకు నలభై మేకలు, ఆమె బతుకంతా అవే. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించింది.

"పొద్దు గూకితే తడుముకుంటాండాయి సారూ. దొడ్డికొచ్చేటప్పుడు రాళ్ళకు కొట్టుకుంటాండాయి. మొన్న ఒగటి రాళ్ళ గుంతలో పడి సచ్చిపాయ."

మూడు మేకల కళ్ళు తెరిచి చూశాను. చెయ్యి ఆడిస్తే రెప్ప వేస్తున్నాయి. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని చెప్పి, నీరసానికి కడుపులో పురుగులే కారణమనుకుని నట్టల మందు తాగించాను.

"ఇప్పుడు సూస్తే ఏం తెలుస్తాది? సందకాడ రా."

"ఐదుకు బస్సు ఉండాదమ్మా."

"నీ బస్సు సంగతి మేకలకేం తెలుసు?"

నవ్వేసి వచ్చాను. కానీ ఆ మాట లోపల గుచ్చుతూనే ఉంది. పది రోజులకు ఇంకో మేక అదే గుంతలో పడిందని కబురొచ్చింది. ఆ రోజు బస్సు వదిలేశాను.

వెలుతురు తగ్గుతుండగా దొడ్డి దారిలో నిలబడ్డాను. చాలా మేకలు చకచకా లోపలికి పోయాయి. పదకొండు మాత్రం ఆగి, మెడలు చాచి, నేల వాసన చూసుకుంటూ అడుగులు వేశాయి. ఒకటి నేరుగా వచ్చి నా మోకాలికి గుద్దుకుంది. సిగ్గుతో దాని మెడ పట్టుకుని దొడ్డిలోకి నడిపించాను.

"ఏం మేపుతాండావు వీటికి?" అన్నాను.

"ఆకు యాడుండాది? దసరా నుంచి జొన్న సొప్పే."

రేచీకటి. పచ్చాకులో దొరికే విటమిన్-ఎ నెలల తరబడి అందకపోతే వస్తుంది. పగలు కళ్ళు పరీక్షిస్తే లోపమేమీ కనిపించదు. సూదులు వేశాను. ఓబులమ్మ ఇంటింటికీ తిరిగి మునగ రెమ్మలు అడిగి తెచ్చి మేపింది. కొన్ని వారాల్లో పదకొండూ తేరుకున్నాయి.

వాటిలో ఒకటి చూలుది. జూన్‌లో ఈనింది. పిల్ల పుట్టుగుడ్డి. నన్ను పిలిచిన మొదటి రోజే తల్లికి సూది వేసి ఉంటే తప్పేదో లేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఇప్పుడు ఏ మందకు పోయినా ముందు చుట్టూ ఉన్న చెట్లు చూస్తాను, తర్వాతే మేకను. కాపరి ఏ వేళకు రమ్మంటే ఆ వేళకే పోతాను.

ఆ జూన్‌లోనే, గుడ్డి మేకపిల్లను చూడ్డానికి నాలుగింటికే పోయి, పొద్దు గూకేదాకా ఉంటానని అరుగు మీద కూర్చున్నాను. ఓబులమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"దీన్ని సూసేదానికి సందకాడ దాకా ఉండక్కర్లేదు సారూ. నీ బస్సుకు పో."