నా చేతి బెల్లం

నా చిన్నప్పుడు మా ఊరు రెండింటికి పేరుమోసింది. ఒకటి మిరపకాయలు, రెండోది మా హైస్కూలు డ్రిల్లు మేష్టారు. రెండూ కళ్ళవెంట నీళ్ళు తెప్పించేవే. కాకపోతే మిరపకాయ తన సంగతి ముందే చెబుతుంది, ఎర్రగా కనబడుతుంది. మేష్టారు ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉండేవారు.

మాది సత్తెనపల్లికి జట్కా దూరంలో ఉన్న ఊరు. చుట్టూ నల్లరేగడి. మేష్టారు పరుగు నేర్పే పద్ధతి ఆ నేలలోంచే పుట్టింది. వాన వెలిసిన మర్నాడు పిల్లల్ని డొంకలో పరుగెత్తించేవారు. తడి రేగడిలో నాలుగడుగులు వేస్తే కాళ్ళకి మట్టిచెప్పులు తయారవుతాయి, పదడుగులకి అవి బూట్లవుతాయి, ఇరవై అడుగులకి కాళ్ళేవో చేనేదో తెలియదు. వారాల తరబడి అంత బరువు మోసినవాళ్ళని పొడినేల మీద వదిలితే ఎగిరిపోయినట్టు పోతారని ఆయన లెక్క. ఆ లెక్క తప్పేం కాదు. ఆయన అక్కడితో ఆగి ఉంటే నేనిది రాయవలసిన పని ఉండేది కాదు.

జట్టులో అందరికన్నా ముందుండేవాడు మా పక్కింటి అన్నయ్య. వాళ్ళ నాన్న ఊళ్ళో ఒకే ఒక్క జట్కా తోలే సాయిబు, నాకు జట్కా బాబాయి. "గుర్రాన్ని అమ్మేసి నీ కొడుకునే బండికి కట్టుకోరాదంట్రా" అని జనం వేళాకోళం చేస్తే ఆయన సిగ్గుపడుతూ మురిసిపోయేవాడు.

ఇక ఈ కథలో నా ఉద్యోగం. పోటీలు సత్తెనపల్లిలో జరిగేవి. జట్టు బయలుదేరేటప్పుడు మంచి శకునం ఎదురురావాలి, ఎవరూ తుమ్మకూడదు. అసలు చిక్కు అక్కడే ఉంది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో మా ఊళ్ళో పది నిమిషాలు తుమ్మకుండా నిలబడగలిగిన మనిషి దొరకడం దుర్లభం. పెళ్ళిముహూర్తాలే తుమ్ముల మధ్య సందు చూసుకుని పెట్టుకునేవాళ్ళం. నాకు పదేళ్ళు. ఏ జన్మ పుణ్యమో, ఎంత ఘాటుకీ నాకు తుమ్ము రాదు. ఆ ఒక్క అర్హత మీద మేష్టారు నన్ను ఎన్నుకున్నారు. జీవితంలో నన్ను పోటీ లేకుండా ఎన్నుకోవడం అదే మొదలూ, అదే చివరా.

ఇత్తడిపళ్ళెంలో బెల్లం ఉండలు పెట్టుకుని నేను ఎదురు రావాలి. పరుగెత్తే పిల్లలు తలా ఒకటి నా చేతిమీదుగా నోట్లో వేసుకుని జట్కా ఎక్కాలి. ఉండలు మేష్టారే చేసి తెచ్చేవారు. "మధ్యలో పెద్దది మీ పక్కింటివాడికమ్మా. నువ్వు మాత్రం తినబోకు, శకునం చెడుతుంది" అనేవారు. తినలేదు. బెల్లం విషయంలో అంత నిగ్రహం మళ్ళీ ఎన్నడూ చూపలేకపోయాను.

మొదటి ఏడాది అన్నయ్య గెలిచాడు. రెండో ఏడాదీ గెలిచాడు. కప్పు తెచ్చి పంచాయతీ ఆఫీసులో రేడియో మీద పెట్టారు. మేష్టారికి పూలదండ వేశారు. ఇదంతా నా చేతిచలవే అని నేను లోలోపల నిశ్చయించుకున్నాను. మా వీధిలో చాలామందికీ అదే అభిప్రాయం. బయలుదేరే పని ఏదున్నా నన్ను పిలిచి ఎదురు రమ్మనడం మొదలైంది.

ఆ రెండోసారి గెలిచిన మర్నాటి మధ్యాహ్నం గోడ మీంచి పక్కింటి దొడ్లోకి చూశాను. అన్నయ్య నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పలకరిస్తే పలకలేదు. నోట్లో ఏమీ లేకుండానే దవడలు ఆడుతున్నాయి, పళ్ళు నూరుతున్న చప్పుడు తిరగలి తిప్పుతున్నట్టు గోడ ఇవతలికి వినిపిస్తోంది. రాత్రి అన్నం ముట్టలేదట, నిద్రే లేదట. జట్కా బాబాయి వచ్చి, గుర్రానికి చూసినట్టు కొడుకు కనురెప్ప ఎత్తి చూశాడు. గుండెమీద చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"పరుగు నిన్ననే అయిపోయింది గదే" అన్నాడు పిన్నితో. "వీడి గుండెకి ఎవరూ చెప్పలా."

ఆయన ఒకసారి సంతలో మోసపోయినవాడు. ముసలి గుర్రానికి ఏదో తినిపించి చిందులు తొక్కించి అంటగట్టారు. మూడోనాడు అది గోడకి తల ఆనించి నిలబడి, ఉన్నచోటే కూలబడింది, మరి లేవలేదు. ఆ గుర్రం కళ్ళు ఆయన మరిచిపోలేదు.

కొన్ని వారాలకి మరో పోటీ వచ్చింది. మళ్ళీ నేను పళ్ళెంతో ఎదురొచ్చాను. చుట్టూ జనం చప్పట్లు. అన్నయ్య మధ్యలో ఉండ తీసుకోబోతుంటే, పగ్గాలు వదిలేసి దిగిన బాబాయి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఉండ తీసి నా పళ్ళెంలోనే బొటనవేలితో నొక్కి చిదిపాడు. లోపల తెల్లగా ఒక బిళ్ళ, కందిగింజంత. ఎవరూ తుమ్మలేదు. మేష్టారి ముఖం వంక చూశాను. ఆయన తన చొక్కా మీద పడిన బెల్లపు పొడి దులుపుకుంటున్నారు.

బాబాయి ఆ బిళ్ళనీ కొడుకునీ బండిలో వేసుకుని నేరుగా సత్తెనపల్లి డాక్టరు గారి దగ్గరికి తోలాడు. ఆ డాక్టరు గారు పోటీల కమిటీలో కూడా ఒకరు. నిద్రా అలసటా తెలియకుండా చేసే మందు అది అని చెప్పి, "ఇంకో రెండుసార్లు ఇలా పరుగెత్తి ఉంటే ఆగేవి కాళ్ళు కావు" అన్నారట. నెల తిరక్కుండా కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మేష్టారు ఇకమీదట ఏ జట్టునీ తయారుచేయరాదు, ఏ పోటీకీ రారాదు. కప్పు వెనక్కి పంపాలి.

మేష్టారిని నిషేధించినందుకు ఊరికి అంత బాధ లేదు. కప్పు తీసేశాక రేడియో మీద గుండ్రంగా దుమ్ములేని చోటు మిగిలింది. దాన్ని చూసినప్పుడల్లా ఊరికి కడుపు మండేది. ఆ వారమంతా పంచాయతీ అరుగు మీద వేరే మాట లేదు.

"బిళ్ళ మింగితే తప్పేంటంట? మనం టీ తాగట్లా?"

"పొరుగూరోళ్ళు మింగలేదని ఎవుడన్నా రాసిచ్చాడా?"

"నాకు మొదటిరోజే అనుమానం తగిలిందిరా."

"మరి మొదటిరోజే దండెందుకేశావురా?"

"అనుమానం ఉంటే దండెయ్యకూడదని రూలుందా?"

బండలాగుడు పందేలకి ఎడ్లని మేపే కామందు ఒకాయన ధర్మం, న్యాయం, పసిపిల్లల ప్రాణాలు అంటూ కంటతడి పెట్టి మాట్లాడాడు. అదే రోజు సాయంత్రం ఆయన మేష్టారి దొడ్డివాకిలి దగ్గర నిలబడి, ఆ బిళ్ళలు నాలుగుంటే ఎడ్లకి చూస్తానని అడుగుతుంటే, పక్క కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న మా మేనత్త చెవిన పడింది.

మేష్టారిది తప్పా ఒప్పా అన్నదాని మీద ఊరు రెండుగా చీలింది గాని, బయటికి చెప్పినవాడిది తప్పు అన్నదాని మీద చీలలేదు. ఎవరూ జట్కా బాబాయిని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పొద్దున్నే బండి కట్టి సెంటర్లో నిలబడేవాడు. మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, ఆ బండి పక్కనుంచే, అది అక్కడ లేనట్టే, సత్తెనపల్లికి నడిచి పోయేవాళ్ళు. గుర్రం ప్రతివాళ్ళ వైపూ తల తిప్పి చూసేది. సాయంత్రానికి కట్టిన బండి కట్టినట్టే ఇంటికి వచ్చేది. వాళ్ళింట్లో గుర్రానికి ఉడికే ఉలవల వాసన రోజురోజుకీ పలచబడింది.

ఒకనాటి పొద్దున గుర్రం తొట్టిలో మూతిపెట్టబోయి వెనక్కి లాక్కుంది. మేం గోడ ఇవతల ఉండి కూడా ఆ వాసన పట్టాం. పత్తికి కొట్టే పురుగుమందు. బాబాయి తొట్టి పక్కకి వొంచేశాడు. ఆ నీళ్ళు పారినమేరా గడ్డి నాలుగురోజుల్లో పసుప్పచ్చగా మాడింది. ఎవరు కలిపారని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. అడగకపోవడంలో ఏకగ్రీవం.

శనివారం పొద్దున్నే బండి కట్టి చీరాలలో పిన్ని పుట్టింటికి వెళ్ళిపోతున్నాం అని బాబాయి మా నాన్నతో చెప్పాడు. ఆ గుండెతో అన్నయ్య అంతదూరం ప్రయాణం తట్టుకుంటాడా అని పిన్ని గోడ మీద తల ఆనించి ఏడ్చింది. అన్నయ్య అప్పటికి వాళ్ళమ్మ చేత్తో తప్ప ఎవరి చేతిది ఏదీ తినడం మానేశాడు. నేను మజ్జిగ ఇవ్వబోతే గ్లాసు వంక చూసి తల అటు తిప్పుకున్నాడు.

నేను ఇత్తడిపళ్ళెం తీసుకెళ్ళి గడ్డివాములో దాచేశాను. మేనత్త మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, మా ఇంటి పెత్తనమంతా ఆవిడదే. ఇంట్లో చెంచా పోయినా కనిపెట్టే మనిషి పళ్ళెం పోతే ఊరుకుంటుందా? నిలదీసింది.

"నా చేత్తోనే పెట్టానత్తయ్యా" అన్నాను.

నీకేం తెలుసమ్మా, చిన్నపిల్లవి అంటుందనుకున్నాను. ఎవరైనా అలాగే అంటారు.

"అవును, నీ చేత్తోనే" అంది అత్తయ్య. "పళ్ళెం పట్రా. తోము."

శనివారం తెల్లారగానే ఆవిడ బెల్లం ఉండలు చేసింది. నాకు పళ్ళెం ఇచ్చి పంచాయతీ అరుగు దగ్గరికి నడిపించింది. పెద్దలంతా ఉన్నారు. ఇంటిదగ్గర సామాన్లు సగం ఎక్కించుకుని, దారికి ఉలవలు కొనడానికి వచ్చిన బాబాయి జట్కా సెంటర్లో నిలబడి ఉంది.

"మేష్టారి బిళ్ళలు కొన్ని మా కల్లం గోడమీద దొరికాయి" అంది అత్తయ్య అందరికీ వినబడేలా. "మీరంతా తప్పులేదన్నారు గదా, పారెయ్యడం దేనికని బెల్లంలో పెట్టాను. కోతల కాలం, ఒంట్లో బలం కావాలి. మంచిచెయ్యి మా పిల్లది. తలా ఒకటి పుచ్చుకోండి."

నేను పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగాను. ఆ అరుగంత ఆరోగ్యం చెడిన అరుగు నేను మళ్ళీ చూడలేదు. ప్రెసిడెంటు గారికి మధుమేహం. ఒకాయనకి పంటినొప్పి. టీ తాగట్లా అన్నాయన ఆరోజు ఒంటిపొద్దున్నాడు. ఎడ్ల కామందు మాత్రం, "నాకెందుకమ్మా, ఎడ్లకైతే..." అని ఆగిపోయాడు.

"ఎడ్లకి పనికొస్తుంది, పక్కింటి పిల్లోడికి పనికొస్తుంది. నీకెందుకు పనికిరాదురా?" అంది అత్తయ్య. అని, పళ్ళెంలోంచి ఒక ఉండ తీసి తన నోట్లో వేసుకుంది.

"అయ్యయ్యో, అక్కా! ఊసెయ్, ఊసెయ్!" అని ఇద్దరు లేచి నిలబడ్డారు.

"ఉత్త బెల్లమేరా" అంది ఆవిడ నములుతూ. "ఇంత భయం ఉన్నోళ్ళు, ఆ రోజు వాడి నోటికాడ పెడుతుంటే చప్పట్లెందుకు కొట్టారు?"

ఎక్కడో ఒకరు తుమ్మారు. అత్తయ్య ఊరంతా చూస్తుండగా నడిచివెళ్ళి జట్కా ఎక్కి కూర్చుని, నన్నూ ఎక్కించుకుంది.

"ఆ మూటలు దింపి సత్తెనపల్లి పోనీ తమ్ముడూ."

"సత్తెనపల్లిలో ఏం పనక్కా?" అన్నాడు బాబాయి.

"పనేం లేదు. పోయి రావడమే."

మూటలు దింపడానికి బండి వాళ్ళింటి ముందు ఆగింది. అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తయ్య తిన్నది తప్ప ఉండలన్నీ పళ్ళెంలో అలాగే ఉన్నాయి. అత్తయ్య నావైపు చూసింది, అంతే. నేను దిగి పళ్ళెం చాపాను. అన్నయ్య చాలాసేపు ఆ ఉండల వంక చూశాడు. తర్వాత ఒకటి తీసుకుని, వాళ్ళ నాన్న చేసినట్టే బొటనవేలితో నొక్కి రెండు ముక్కలు చేశాడు. లోపల చూశాడు. ఒక ముక్క నాకిచ్చి, నేను తినేదాకా ఆగాడు. శకునం చెడుతుందన్న బెల్లం మొదటిసారి తిన్నాను. నేను మింగాక అతను తన ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆ మర్నాడు జట్కాలో ముగ్గురు ఎక్కారు. అందులో ఎవరూ బాబాయితో మాట్లాడలేదట. బస్సు పడేదాకా ఆ జట్కా మా ఊళ్ళోనే తిరిగింది. అన్నయ్య మళ్ళీ పరుగెత్తలేదు. మెట్లెక్కినా మధ్యలో ఆగి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, అది తనని అందుకునేదాకా చూసేవాడు. మేష్టారు సామాను సర్దుకుని జిల్లా దాటి వెళ్ళారు. అక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు గనక పిల్లలకి పరుగు నేర్పుతున్నారనీ, బాగా గెలుస్తున్నారనీ, దండ కూడా వేశారనీ కొన్నాళ్ళకి విన్నాం. ఆ ఊళ్ళో పళ్ళెం పట్టుకుని ఎదురొస్తున్న పిల్ల ఎవరోనని అనుకోకుండా నేను ఈ వయసుదాకా రాలేదు.

ఆ ఇత్తడిపళ్ళెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇంటికొచ్చిన పిల్లలకి అందులోనే ఏదో ఒకటి పెడతాను. పెట్టేముందు ప్రతిదీ విరిచి, లోపల చూసి, సగం నేను తింటాను. మా మనవలు నన్ను తిండిపోతు అంటారు. ఆ మాట వాళ్ళ నోటివెంట హాయిగా నవ్వుతూ వస్తుంది గనక నేను సరిదిద్దబోను. వాళ్ళు నా వేళ్ళ వంక చూడరు, లోపలేముందని అడగరు, ఇచ్చింది ఇచ్చినట్టు నోట్లో వేసుకుంటారు. నాకు భయం వేసేది అందుకే.