కుల్డీగ దాటాక ఒక శ్మశానం

షామ్‌బర్గ్‌లో మా పక్కింటి పెద్దావిడ లాత్వియాలో పుట్టింది. తల్లి పోయాక, యుద్ధం రోజుల్లో పిన్ని వెంట దేశం దాటి, చివరికి చికాగో చేరింది. బిడ్డ పుట్టాక ఎక్కడికీ కదల్లేమని నేనూ నా భార్యా యూరప్ ట్రిప్ అనుకుంటుంటే, "మా కుర్జెమె ప్రాంతం చూడండి, కారులో నాలుగు రోజులు చాలు" అని ఊరించింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. వాళ్లమ్మ సమాధి అక్కడే ఉంది. ఇన్నాళ్లూ చూసుకున్న చుట్టం పోయాడు. దిక్కులేని సమాధులకు అక్కడ నోటీసు పెడతారట. ఎవరూ పలక్కపోతే ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారట.

"నోటీసు ఉందో లేదో చూసి చెప్పండి చాలు. ఉంటే వెంటనే ఉత్తరం రాస్తాను."

"అదెంత పని!" అన్నాను. మాటివ్వడం నాకు మహా తేలిక.

రీగాలో కారు అద్దెకు తీసుకున్నాం. అక్టోబర్ చివర, ఆగని ముసురు. కందవ, సబిలె, అన్నీ పాత ఊళ్లే, అన్నిట్లోనూ తలుపులు మూసే ఉన్నాయి. కుల్డీగలో ఇటుకల వంతెన మీద నిలబడి జలపాతం చూస్తున్నంతసేపూ నా భార్య కడుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల.

శ్మశానం ఊరు దాటాక, పైన్ చెట్ల మధ్య ఉంది. కారు ఆపగానే ఆమె నా జాకెట్ పట్టుకుంది.

"ప్లీజ్, నువ్వు లోపలికెళ్లొద్దు. భార్య కడుపుతో ఉంటే మొగుడు శ్మశానంలో అడుగు పెట్టకూడదంటారు. స్కాన్‌లో అంతా బాగుందన్నారు కదా, ఇప్పుడెందుకు రిస్క్?"

ఆఫీసులో ప్రతిదానికీ డేటా ఏదని ప్రాణాలు తీసే మనిషిని నేను. ఆ గేటు దగ్గర మాత్రం డేటా మాటే ఎత్తలేదు. నిజానికి ఆమె ఆపకపోయినా ఆగిపోయేవాణ్ణే. అడగడానికి మనిషన్నవాడు కనబడలేదు. బయటి నుంచే ఫోన్ జూమ్ చేసి రెండు ఫొటోలు తీశాను. తడిసిన రాళ్లు తప్ప ఒక్క పేరూ కనిపించలేదు. కారు తిప్పేశాను.

మేము ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రమే పక్కింటావిడ వచ్చింది.

"నోటీసు ఉందా?"

లోపలికి వెళ్లలేకపోయామని చెబుదామనే నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూసి, "లేదండీ, అంతా బాగుంది" అన్నాను. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇక ఉత్తరం రాయలేదు.

మార్చిలో మాకు కూతురు పుట్టింది. ఆరోగ్యంగా ఉంది. పాపకు మూడో నెల వచ్చాక, లాత్వియా నుంచి ఆవిడకు ఉత్తరం వచ్చింది. గడువు అయిపోయిందట. సమాధిని వేరే కుటుంబానికి ఇచ్చేశారు. రాయి తీసేశారు.

ఉత్తరం పట్టుకుని మా ఇంటికే వచ్చింది. తిడితే బాగుండుననుకున్నాను.

"మీరు వచ్చేశాక నోటీసు పెట్టి ఉంటారు. మీరేం చేస్తారు పాపం?" అంది. ఉత్తరం మడుస్తూ, "ఆ రాయి నాకు సరిగా గుర్తు లేదు. నావాళ్లు అనుకునేవాళ్లలో చివరిసారి చూసింది మీరే. ఎలా ఉండేదో చెప్పండి" అంది.

పాపను ఎత్తుకున్న నా భార్య తల దించుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. కనీసం అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

"నల్లరాయండీ," అన్నాను.

ఆవిడ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.