బతికున్న పిల్ల పుస్తకం

మా మామయ్య జీవితంలో కొన్న మొదటి పుస్తకం ఒక పహిల్వాన్ చరిత్ర. ఆయనకు కుస్తీ అంటే ఇష్టం లేదు, చదవడం అంటే అంతకన్నా లేదు. అయినా కొన్నాడు. ఎందుకో చెప్పాలంటే ముందు మా అమ్మాయి అలక గురించి చెప్పాలి.

నాందేడ్‌లో మాది బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరాఠీ, బేరం ముదిరితే హిందీ. అమ్మాయి మరాఠీ మీడియంలో నాలుగో తరగతి. ఒకరోజు బోర్డు దగ్గర కూడిక చేస్తూ, తనకు తెలియకుండానే తెలుగులో పైకి లెక్కపెట్టింది. క్లాసంతా నవ్వింది. బడి వదిలాక కూడా "పదమూడు, పద్నాలుగు" అని వంకరగా పలుకుతూ వెంటపడ్డారట. ఆ సాయంత్రం నుంచి అది ఇంట్లో తెలుగు మానేసింది. మా మామయ్య, అంటే దాని తాత, కాస్తా మరాఠీ "ఆజోబా" అయిపోయాడు.

నేనైతే రెండు తిట్లు తిట్టి నా పని చూసుకున్నాను. మామయ్య మాత్రం డీలా పడిపోయాడు. దుకాణం మూసి రాగానే గుమ్మంలో "తాతా, ఏం తెచ్చినవ్?" అని చేతిసంచీ లాక్కునే పిల్ల, ఇప్పుడు మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇస్తోంది.

"నన్ను ఇంట్ల కిరాయికున్నోని లెక్క చూస్తున్నది బిడ్డా," అన్నాడు నాతో. నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూసి మనసు చివుక్కుమంది.

టీచరమ్మ మంచిది. నవ్విన పిల్లల్ని ఏమీ అనకుండా క్లాసందరికీ ఒక పని పెట్టింది. వేరే చోట, వేరే భాష మాట్లాడే పిల్లల నిజమైన జీవితం గురించి ఎవరికి వారు ఒక పుస్తకం తెచ్చుకుని, చదివి, క్లాసులో చెప్పాలి. మా అమ్మాయి షరతులు పెట్టింది, అవీ మరాఠీలోనే. ఆ పిల్ల కథల్లో పిల్ల కాకూడదు. బతికి ఉండాలి. గొప్పది అసలే కాకూడదు. అలాంటిది దొరక్కపోతే బడికే వెళ్ళనంది.

"గింతేనా? బజార్ల దొరకనిదేముంటది?" అని మామయ్య చెప్పులేసుకున్నాడు. ఒక్కడే వెళ్తే ఏం తెస్తాడోనని నేనూ బయల్దేరాను.

మొదటి పుస్తకాల దుకాణంలో స్టూలు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. "దిఖావ్ భాయ్, బచ్చోఁ కీ సచ్చీ జిందగీ. అచ్ఛా మాల్ దిఖావ్," అన్నాడు. దుకాణదారు పుస్తకాలు తీసి ఇస్తుంటే మామయ్య ఒక్కో కాగితాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు. ఒక అట్ట మీద వేలు తడిచేసి రుద్దాడు, రంగు దిగుతుందేమోనని. అతను నోరు తెరిచి నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్‌ను చూశాను.

వచ్చినవన్నీ మహనీయుల బాల్యాలే. అందరూ వీధి దీపం కింద చదివినవాళ్ళే. ఇంట్లో లైటున్నవాడెవడూ పుస్తకానికి ఎక్కినట్టు లేదు. మామయ్య ఒక్కొక్కరి బొమ్మా చూపించి బతికున్నారా అని అడగడం, అతను పోయారని చెప్పడం.

"నీ దుకాణంల ఒక్కడు సుత బతికి లేడాయె!" అన్నాడు మామయ్య, తెలుగులోకి దిగి.

లేచి వచ్చేద్దామని నేను పర్సు సర్దుకున్నాను. ఆయన కదల్లేదు. తానులన్నీ విప్పించి ఉత్తచేతులతో లేచిపోయే గిరాకీని మా మామయ్య జన్మలో క్షమించడు. అలాంటివాళ్ళు వచ్చిన రోజు ఆయన సణుగుడుకు ఇంట్లో మాకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఆయన ముందే గుట్ట పేరుకుంది. నిట్టూర్చి, గుట్ట మీదున్న పహిల్వాన్‌ను తీసుకున్నాడు.

"చచ్చిపోయినాయన గదా మామా, మనకెందుకు?"

"మడత పెట్టేటోని బాధ నీకేం తెలుసు బిడ్డా," అన్నాడు.

అదే ధర్మం ప్రతి దుకాణంలోనూ పాటించాడు. సాయంత్రానికి సంచీలో పహిల్వాన్, ఒక రాజు, ఒక శాస్త్రవేత్త, పోలీసు భర్తీ పరీక్ష గైడు చేరాయి. ఆఖరి దుకాణంలో గైడ్లు తప్ప ఏమీ లేవు మరి.

ఇంట్లో అమ్మాయి ఒక్కోటి తిరగేసి, "హా మేలా," ఇతను చచ్చిపోయాడు అని పక్కన పెట్టింది. "హా పణ్ మేలా." చనిపోయినవాళ్ళ దొంతర తాత వైపు నెట్టి లోపలికి పోయింది. గైడును ముట్టుకోను కూడా లేదు.

మర్నాడు మామయ్య గడ్డం కూడా గీసుకోకుండా బయల్దేరాడు, వెనకే నేను. స్టేషను దారిలో ఒక పాత దుకాణం మిగిలింది. మా సంగతి బజారంతా పాకినట్టుంది, ఆ దుకాణం ముసలాయన మమ్మల్ని చూడగానే ఏమీ లేవన్నాడు. మామయ్య కౌంటరు మీదికి వంగాడు.

"జో నహీఁ బిక్తా, వో దిఖావ్," అన్నాడు, అమ్ముడుపోనిదే చూపించమని.

మా దుకాణంలో అమ్ముడుపోని సరుకంతా అడుగు అరలో ఉంటుంది. ముసలాయన ఆ మాటకు మెత్తబడి, నేల మీద కూర్చుని, అట్టడుగు నుంచి దుమ్ముపట్టిన పలుచటి మరాఠీ పుస్తకం లాగాడు. నిండా ఫోటోలు. ఎక్కడో కొండల దేశంలో సరిహద్దు ఊరు. ఒక పిల్ల. వాళ్ళమ్మ ఉన్నిబట్టలు అమ్ముతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, గిరాకీలతో ఇంకొకటి. తమ్ముడితో కొట్లాట, అమ్మ అడ్డదిడ్డంగా కత్తిరించిన జుట్టు. చివరి పేజీలో ఆ పిల్ల ఇంకా చదువుకుంటోందని ఉంది.

మామయ్య అన్ని పేజీలూ తిప్పి మూతి విరిచాడు. "దీంట్ల ఏమున్నది? పొద్దుగాల లేస్తది, బడికి పోతది, దుకాణంల కూసుంటది. మన ఇల్లే గదా! దీన్ని గూడ ఎవడన్న అచ్చేస్తడా?"

జీవితంలో మొదటిసారి ఆయన ఉత్తచేతులతో లేవబోయాడు. నేను గబగబా డబ్బు ఇచ్చేశాను.

అమ్మాయి దాన్ని దుకాణంలో బట్టల మూట మీద కూర్చుని చదివింది. రెండోసారి కూడా చదివింది. నన్ను పిలిచి ఒక పేజీ చూపించింది. ఆ పిల్ల బడిలో కూడా మనసులో లెక్క ఇంటి భాషలోనే చేస్తుందట. పేజీ మీద పెట్టిన వేలు తీయలేదు.

క్లాసులో ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. మరో వారానికి, అప్పుడు వెక్కిరిస్తూ వెంటపడ్డ పిల్లల్లో ఒకతె వాళ్ళమ్మతో ఫ్రాకు గుడ్డకు వచ్చింది. మామయ్య మీటరు కడ్డీ తీసి, గిరాకీ మరాఠీ గనక "ఏక్, దోన్" అని మొదలుపెట్టాడు. మా అమ్మాయి వచ్చి గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఆ పిల్లను సూటిగా చూస్తూ, గట్టిగా, "ఒకటి," అంది. "రెండు."

ఆ పిల్ల నవ్వలేదు. ఉన్నిబట్టల పిల్ల కూడా ఇలాగే లెక్కపెడుతుందా అని అడిగింది.

మామయ్య కడ్డీ గాలిలోనే ఆగిపోయింది. ఆ చేయి కొలత తప్పడం నేను ఎన్నడూ చూడలేదు. గుడ్డ మాత్రం కౌంటరు మీంచి జారి కిందికి పోతూనే ఉంది.

"తాతా, లెక్క తప్పినవ్!" అని అరిచింది మా అమ్మాయి.

"తప్పితే తప్పనీ బిడ్డా," అన్నాడాయన, కండువాతో ముక్కు తుడుచుకుంటూ. "మళ్ల మొదటి సంది లెక్కపెట్టు."